గీత కింది గుర్రం

...గుర్రం కాలు అంత దూరం చాచే మాటే నిజమైతే ఒళ్లంతా నేలకు దిగిపోవాలి. దిగిపోలేదు. పైకి లేచింది. పైకి లేచినప్పుడు కాళ్లు ఎక్కడున్నాయి? ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి, ఒంటికి అతుక్కునే ఉంటాయి, మరి చూసిన మనిషికి ఎందుకు గుర్తు లేదు? చూసిన మాట నిజం. గుర్తు లేని మాటా నిజమే. కన్ను తెచ్చిన దాన్ని మనసు దారిలోనే మింగేసి, దాని బదులు ఎప్పటి బొమ్మనో తెచ్చి చేతిలో పెడుతున్నట్టుంది. అలాంటప్పుడు ఇన్నేళ్లూ తను చూశాననుకున్నవన్నీ చూసినవేనా, లేక...

బాలకోటయ్య చేతిలోని ఇనుప సూది తోలు మీద అలాగే ఆగి ఉంది. పొద్దున కూర్చున్నప్పుడు ఎక్కడ ఆనించాడో అక్కడే ఉంది. ఎండ మాత్రం జరిగి అతని మోకాలి మీదికి వచ్చింది.

ముందున్న నాపరాయి మీద పాత తోలుబొమ్మ గుర్రం, దాని మీద కొత్త మేకతోలు. వెంట్రుకలు తీసి, గీకి గీకి ఎండబెట్టిన తోలు ఉల్లిపొరలా ఉంటుంది. కింద ఏది పరిస్తే అది పైకి కనిపిస్తుంది. కనిపించే గీత వెంట సూది నడుపుకుంటూ పోవడమే వాళ్ల ఇంట్లో బొమ్మ చేయడమంటే. తండ్రి వెంకటప్పయ్య తన గుర్రాన్ని తాత గుర్రం మీద గీశాడు. తాత తన తండ్రి గుర్రం మీద గీసి ఉంటాడు. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు. సూది ఎప్పుడూ గీతకు బయటి పక్కనే నడుస్తుంది కనుక తరానికి వెంట్రుకవాసి చొప్పున గుర్రం లావెక్కుతూ వచ్చిందని వెంకటప్పయ్య నవ్వేవాడు. "మనకి కూడు ఉన్నా లేకపోయినా మన గుర్రానికి మేత తక్కువ కాలేదురా" అనేవాడు.

ఆ గుర్రానికి ముందుకాళ్లు రెండూ ముందుకు, వెనక కాళ్లు రెండూ వెనక్కి, విల్లు లాగినట్టు చాచి ఉంటాయి. తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి లాగితే పల్లెల్లో జనం ఈలలు వేసేవారు. మొన్న మాచవరంలో ఆట మధ్యలో దాని మెడ చిరిగింది. అతుకు మీద అతుకు వేసిన చోటే మళ్లీ చిరిగింది, ఇక సూదికి నిలిచే తోలు లేదు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో అశ్వమేధం ఆట ఆడాలి. గుర్రం లేని అశ్వమేధం ఎవరు చూస్తారు?

బొమ్మ పాడైతే పారేయడం ఉండదు. మనిషికి చేసినట్టే పసుపు కుంకాలు పెట్టి పారే నీళ్లలో వదులుతారు. అది నీళ్లలో కలిశాకే కొత్త బొమ్మకు ఉలితో కన్ను తెరవాలి. ఒకే గుర్రానికి రెండు బొమ్మలు కళ్లు తెరిచి ఒకే పెట్టెలో ఉంటే రెండింట్లో ఒకటి గుడ్డిదవుతుందని పెద్దల మాట. వెంకటప్పయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ రోజు అన్న పెదకోటయ్య నేల మీద పడి ఏడ్చాడు. బాలకోటయ్యకు ఏడుపు రాలేదు. అతను పోయి బొమ్మల పెట్టె తెరిచి, గుర్రాన్ని తీసి వాసన చూశాడు. ఆముదపు మసి, ముక్కుపొడుం. నాన్న ఒంటి వాసన ఆ రెండూ కలిసిందే. అప్పటి నుంచి తనకు తాను ఒక మాట చెప్పుకుంటూ వస్తున్నాడు: గీత పోదు. తోలు మారుతుంది, అంతే. గుర్రం మీద గుర్రం గీసి పాతది నీళ్లలో వదిలితే పోయిందేమీ ఉండదు. నాన్న పక్క తోలులోకి జరిగి కూర్చుంటాడు.

ఆ మాట మీద అతను హాయిగా బతికేవాడే. పాడు రంగుల కోసం నడికుడి స్టేషనుకు పోకుండా ఉంటే.

స్టేషను బయట జట్కాలు నిలబెట్టి ఉన్నాయి. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు రోజుకొకసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. జట్కాల వాళ్లకు చేతినిండా పని. అన్నిట్లోకీ ఎత్తైంది ఖాదర్ వలి గుర్రం. మిగతావి దాని పొట్ట కింద దూరేలా ఉంటాయి. మద్రాసులో పందేలకు పరిగెత్తిన గుర్రమట. యుద్ధం మూలాన పందేలు ఆగిపోతే అక్కడివాళ్లు మేపలేక అమ్ముకున్నారని, చేతులు మారి మారి గుంటూరు దాకా వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఖాదర్ వలి దానికోసం బండి కర్రలు పొడుగు చేయించాడు. అంత గుర్రమూ తలవంచుకుని, కళ్లకు గంతలతో, గాడిద నడక నడుస్తుంది.

ఆ రోజు రైలు వస్తోందని స్టేషనులో గంట కొట్టారు. ఆ చప్పుడుకి గుర్రం చెవులు నిక్కాయి. మెడ లేచింది. వెనక కాళ్లు రెండూ పొట్ట కిందికి, పొట్ట కిందికి జరిగాయి. ఒళ్లంతా ఒక పిడికిలిలా ముడుచుకుంది. ఖాదర్ వలి అప్పటికే దాని కళ్లెం పట్టుకుని నోటి దగ్గర ఏదో గొణుగుతున్నాడు. గంట ఆగింది. పిడికిలి విడిపోయింది. రెప్పపాటు. అందులో బాలకోటయ్య చూసింది ఏ గీతలోనూ లేదు.

అప్పటి నుంచి సూది కదలడం లేదు.

"ఏందిరా, ఇంకా ఆ కాలు కాడే ఉన్నావా?"

పెదకోటయ్య వచ్చి నెత్తిన నిలబడ్డాడు. ఆట నడిపేది అతనే. పద్యం, వచనం, తెర వెనక ఏ బొమ్మ ఎప్పుడు లేవాలో, అన్నీ అతని నోట్లో ఉంటాయి. బొమ్మలు చేయడం మాత్రం చేతకాదు. చేతకాని పని తమ్ముడికి అంతసేపు పట్టడం అతనికి అర్థం కాదు.

"గుర్రం ఇట్టా పరిగెత్తదేమో అన్నా."

"ఏం, వచ్చి నీకు చెప్పిందా?"

పొయ్యి దగ్గర నుంచి వదిన సీతారావమ్మ అందుకుంది. "చెప్పే ఉంటదిలే. మీ తమ్ముడు మనుషులతో మాట్లాడటం మాని చానా రోజులైంది గదా. ఇంక గుర్రాలే దిక్కు."

"నాయన గీసింది తప్పంటావా?" అన్నాడు పెదకోటయ్య.

"తప్పని కాదు."

"మరేంది?"

బాలకోటయ్య సూది వంక చూశాడు. తప్పు కాదు. తప్పైతే ఇంత బాధే లేదు, దిద్దవచ్చు. నాన్న గీత వెంట చేయి నడుస్తున్నంతసేపూ కళ్లు మూసుకున్నా బొమ్మ వస్తుంది. తను ఇన్నేళ్లూ చేసింది అదేనా, కళ్లు మూసుకుని నడవడమేనా అన్నది అన్నకు చెప్పేది కాదు. తనకే సరిగా చెప్పుకోలేదు. ఈ గుర్రాన్ని పాతదాని మీదే గీస్తే, తను బొమ్మలు చేసేవాడా లేక బొమ్మల మీద బొమ్మలు గీసేవాడా అన్నది ఎప్పటికీ తేలదు. గీయకపోతే నాన్న గీత ఇక్కడితో ఆగిపోతుంది. పాత గుర్రం నీళ్లలోకి పోతే, పోయినట్టే.

"శివరాత్రి ముంచుకొస్తంది. అది గుర్తు పెట్టుకో" అని పెదకోటయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం దాచేపల్లి సెంటర్లో ఖాదర్ వలి గుర్రానికి జొన్నచొప్ప వేస్తుంటే బాలకోటయ్య పోయి పక్కన నిలబడ్డాడు. చుట్టరికం లేకపోయినా ఖాదర్ వలిని మామా అని పిలవడం చిన్నప్పటి అలవాటు.

"యాడికి అల్లుడా? రైలుకైతే ఇంకా టైముంది."

"యాడికీ కాదు మామా. దీన్ని ఒక్కసారి పరిగెత్తిచ్చరాదూ? చూత్తా."

ఖాదర్ వలి చేతిలో చొప్ప అలాగే ఉండిపోయింది. "ఎందుకు?"

"గుర్రం బొమ్మ చెయ్యాల."

"బొమ్మకి పరుగెందుకు? నుంచోబెడతా, కావాల్సినంతసేపు చూసుకో. చెవులు, తోక, ఏది కావాలంటే అది."

"నుంచున్న గుర్రాన్ని రోజూ చూత్తానే ఉన్నా."

ఖాదర్ వలి చొప్ప కింద పెట్టి, గుర్రానికి వినబడకూడదన్నట్టు రెండడుగులు ఇవతలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కుర్రతనంలో జమీందారు గుర్రాల దగ్గర పనిచేశాడని చెబుతారు. "గుంటూరులో దీన్ని కొన్ననాడు బేరగాడు ఒకటే చెప్పాడు. ఇది పరుగు మర్చిపోయేదాకా బండి కట్టబాక, మర్చిపోయినాక గుర్తు చెయ్యబాక అన్నాడు. నడక నేర్పేతలికి ఒక వానాకాలం పట్టింది నాకు. ఇప్పుడు నీ బొమ్మ కోసం గుర్తు చేశాననుకో. రేపు బండిలో కాన్పుకి పోయే ఆడపిల్ల ఉంటది. స్టేషన్లో గంట కొడతారు. అప్పుడు నువ్వొచ్చి పట్టుకుంటావా?"

అది న్యాయమైన మాట. "అది మర్చిపోలేదు మామా" అన్నాడు బాలకోటయ్య. "మొన్న గంట కొట్టినప్పుడు చూశా."

ఖాదర్ వలి అతని వంక చూసి, గుర్రం వంక చూశాడు.

"చూశావా? నేనొక్కడినే చూత్తన్నా అనుకున్నా." మళ్లీ చొప్ప చేతిలోకి తీసుకున్నాడు. "పో అల్లుడా. నుంచున్నదాన్నే గీసుకో."

మూడునాలుగు రోజులు గడిచాయి. బాలకోటయ్య గుర్రం పక్కన పెట్టి, రథం చక్రానికి చిల్లులు పొడిచాడు. చక్రంతో బాధ లేదు, అది ఎలా తిరుగుతుందో అందరికీ తెలుసు. పొడుస్తూ పొడుస్తూ తన మనసును పక్కనుంచి చూసుకున్నాడు. వాళ్ల బొమ్మలన్నీ పక్కకు తిరిగి ఉండేవే. ఒక కన్ను, ఒక చెంప. ఎదురుగా చూసేది ఒక్కటీ లేదు. తనూ అంతే, ఏదైనా ఎదురుగా చూడాల్సి వస్తే పక్కకు తిరుగుతాడు. నాన్నను చితి మీద పెట్టినప్పుడు నాన్నను చూడలేదు. వెలుతురుకు ఇసుక మీద కదిలే మనుషుల నీడలు చూస్తూ నిలబడ్డాడు. ఎవరి నీడ ఎవరిదో ఇప్పటికీ చెప్పగలడు.

ఒక సాయంత్రం ఖాదర్ వలి వచ్చి వాళ్ల గుడిసె ముందు బండి ఆపాడు. దిగలేదు.

"పొద్దున్నే వాగు కాడికి రా. మీ ఆటలో కొట్టే కంచుగంట ఉంది చూడు, అది పట్టుకొని రా."

"ఏంది మామా, మనసు మారింది?"

"నాది కాదు. మా బీబీ అడిగింది, ఇన్నాళ్ల నించి దాన్ని మేపుతున్నావే, అది పరిగెత్తితే ఎట్టుంటదో నీకు తెలుసా అని. తెలవదన్నా. అన్నాక నాకే సిగ్గేసింది." పగ్గాలు అదిలించాడు. "పాడైతే పాడైంది. నేను కూడా చూడాల."

పొద్దు పొడుస్తుండగా నాగులేరు వాగుకు చేరుకున్నారు. మాఘమాసం కావడంతో నీళ్లు ఒక పక్కగా సన్నగా పారుతున్నాయి. మిగతాదంతా ఇసుక. అవతలి గట్టు నిలువునా కోసుకుపోయి, తెల్లటి సున్నపురాతి గోడలా నిలబడి ఉంది. ఖాదర్ వలి గుర్రాన్ని బండి నుంచి విప్పాడు. కళ్ల గంతలు తీయలేదు. "తీస్తే మరీ కొత్తగా ఉంటదేమో" అన్నాడు. లుంగీ ఎగగట్టి, రాయెక్కి, రాయి మీద నుంచి గుర్రమెక్కాడు. ఎక్కగానే అతని నడుం నిటారైంది.

"బేటా" అన్నాడు గుర్రంతో. మద్రాసులో దొరలు దానికి ఏదో పేరు పెట్టారట. ఖాదర్ వలికి నోరు తిరగలేదు. పిలిస్తే వస్తోంది, అంతకంటే పేరెందుకని ఊరుకున్నాడు. "కొట్టు అల్లుడా."

బాలకోటయ్య గంట మీద కొట్టాడు.

గుర్రం ముడుచుకుంది. ఆ తరువాత అది అక్కడ లేదు.

అతను దానికేసి చూద్దామనే అనుకున్నాడు. చూపు దానంతట అదే గట్టు మీదికి పోయింది. వెనక నుంచి పడుతున్న పొద్దుటెండలో గుర్రం నీడ ఆ తెల్లటి గోడ మీద పరిగెడుతోంది. ఇంతకంటే పెద్ద తెర అతనెప్పుడూ చూడలేదు. పుట్టినప్పటి నుంచి అతని కళ్లకు నమ్మకం కుదిరింది నీడల మీదే. ఈసారి ఆ కళ్లు తెచ్చినదాన్ని మనసు దారిలో మింగలేదు. నేల వదిలినప్పుడు నాలుగు కాళ్లూ పొట్ట కింద ఒక చోటికి చేరుతున్నాయి, ఒకదానితో ఒకటి రహస్యం చెప్పుకుంటున్నట్టు. చాచుకున్నప్పుడు మాత్రం ఏదో ఒక కాలు నేలను అంటుకునే ఉంది. ముడుచుకోవడం, చాచుకోవడం, ముడుచుకోవడం. గాలిలో ఎగిరేది ముడుచుకున్నప్పుడే.

గుర్రం వాగు మలుపు దాకా పోయి తిరిగి వచ్చింది. ఖాదర్ వలి దిగి, దాని మెడకు తల ఆనించాడు. ఇద్దరి డొక్కలూ ఎగసిపడుతున్నాయి.

"చూశావా దాన్ని?" అన్నాడు తల ఎత్తకుండానే.

"నీడని చూశా మామా."

"నీడనా?" ఖాదర్ వలి తల తిప్పి చూశాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గాను. గుర్రాన్ని చూడరా అని ముసలోడు పేణాల మీదికి తెచ్చుకుంటే నీడని చూశాడంట." నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే గుర్రాన్ని బండి కర్రల మధ్యకు తెచ్చాడు. అప్పుడు మాత్రం నవ్వు ఆగింది. పట్టీలు బిగించి, ఎక్కి కూర్చుని, పగ్గాలు పట్టి ఒక నిమిషం కదలకుండా ఉన్నాడు.

"చల్" అన్నాడు, అడుగుతున్నట్టు.

గుర్రం తల వంచుకుంది. గాడిద నడక నడిచింది.

ఊరి మొదట్లోకి వచ్చాక ఖాదర్ వలి ఎటో చూస్తూ అన్నాడు. "దానికి అంతా గుర్తుంది అల్లుడా. గుర్తున్నా బండి లాగుద్ది. నాకే తెలవక భయపడి చచ్చా."

ఆ రోజు బాలకోటయ్య పాత గుర్రాన్ని తోలు కింద నుంచి తీసేశాడు. ఒట్టి తోలు ముందు కూర్చుని తల దగ్గర మొదలుపెట్టాడు. తల రాలేదు. ఎన్నిసార్లు గీసినా అది మేకగానో కుక్కగానో అవుతోంది. పాతదాన్ని మళ్లీ కింద పరిచి తల వరకు, మెడ వరకు నాన్న గీత మీదే గీసుకున్నాడు. మెడ దాటాక తీసేశాడు. అక్కడి నుంచి సూది తనది.

నాలుగు కాళ్లూ పొట్ట కింద ముడిచి గీశాడు, కోశాడు, వెదురుబద్ద కట్టాడు. దీపాలు పెట్టేవేళ గుడిసె ముందు తెర కట్టి, ఆముదపు దీపం వెలిగించి, బొమ్మను లాగాడు.

తెరకు ఇవతల కూర్చున్న సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమయ్యా, కప్పకి తోకెప్పుడు మొలిచింది?"

పెదకోటయ్య నవ్వలేదు. "ఒరేయ్ బాలా, దానికి కడుపునొప్పి వచ్చినట్టుంది. కొండ మీద పదూళ్ల జనం ముందు దీన్ని ఆడిచ్చమంటావా?"

బాలకోటయ్య దీపం ముందు కూలబడ్డాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. చూసిందంతా పెట్టినా తెర మీద గుర్రం లేదు. మరి గోడ మీద ఉన్నదేమిటి? ముడుచుకోవడం, చాచుకోవడం, ముడుచుకోవడం. తను ముడుచుకున్నది మాత్రమే తెచ్చుకున్నాడు, అది కొత్తది కనుక. చాచుకున్నది నాన్న దగ్గర ఉందని వదిలేశాడు. నాన్న పట్టుకున్నదీ అందులో ఒక ముక్కే, తను పట్టుకున్నదీ ఒక ముక్కే. ఒక్కొక్కటీ నిలబెడితే ఒకటి విల్లు, ఒకటి కప్ప. పరుగు ఆ రెండింట్లోనూ లేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవడంలో ఉంది.

బుజాల దగ్గర, తొడల దగ్గర కాళ్లు కోసి వేరుచేశాడు. మనుషుల బొమ్మలకు చేతులు కట్టినట్టే వాటిని దారంతో ముడివేశాడు. జంతువుకు అలా కీళ్లు పెట్టిన బొమ్మ వాళ్ల పెట్టెలో లేదు. ఇంకో సన్నటి బద్ద నుంచి పొట్ట కిందుగా దారాలు పోనిచ్చాడు. లాగితే కాళ్లు ముడుచుకుంటాయి, వదిలితే చాచుకుంటాయి. లాగడం, వదలడం చేతికి పట్టుబడేదాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అది కొత్తేమీ కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

మళ్లీ తెర కట్టిన సాయంత్రం పెదకోటయ్య ఇవతల కూర్చోలేదు. "కప్పని నేను చూడలేను" అంటూ తెర వెనకే చెక్కల దగ్గర చుట్ట వెలిగించుకున్నాడు. ఆటలో యుద్ధాలప్పుడు, పరుగులప్పుడు కాళ్లతో తొక్కి చప్పుడు చేయడానికి నేల మీద వేసే చెక్కలవి.

బాలకోటయ్య బొమ్మను తెరకు ఆనించాడు. లాగాడు, వదిలాడు. లాగాడు, వదిలాడు. గుర్రం తెర సగం దాటింది. సీతారావమ్మ వైపు నుంచి ఏ మాటా లేదు. చివరి దాకా తీసుకుపోయి తిప్పుకుని వస్తుంటే అతనికి చప్పుడు వినిపించింది. టకటక టక్, టకటక టక్. పెదకోటయ్య కాలు చెక్క మీద కదులుతోంది. చుట్ట నోట్లో ఆరిపోయి ఉంది. చూపు బొమ్మ మీదే ఉంది. తన కాలు ఆడుతున్న సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

"నాయన చూస్తే తిట్టి పోసేవాడు" అన్నాడు, బొమ్మ ఆగాక.

"తిట్టి, శివరాత్రికి దాన్నే ఆడిచ్చేవాడు" అంది సీతారావమ్మ తెర అవతలి నుంచి. ఆమె గొంతులో వెటకారం లేదు.

పెదకోటయ్య బొమ్మను దీపానికి ఎత్తి, ఖాళీగా ఉన్న కంటి చోటు వేలితో తడిమాడు. "రేపు పోయి పాతదాన్ని వదిలిపెట్టి రా. నువ్వొచ్చేతలికి ఉలి నూరి పెడతా."

మర్నాడు పొద్దున ఖాదర్ వలి గుర్రాన్ని కడగడానికి వాగుకు పోతూ బాలకోటయ్యను ఎక్కించుకున్నాడు. ఒళ్లో పసుపుగుడ్డలో చుట్టిన పాత గుర్రం. దారంతా ఒకే ఆలోచన. గీత పోదని, నాన్న పక్క తోలులోకి జరుగుతాడని చెప్పుకున్న మాట ఇప్పుడు చెల్లదు. పక్క తోలులో ఉన్నది మెడ వరకే నాన్న. మిగతా నాన్న ఈ గుడ్డలో ఉన్నాడు. ఈసారి నీళ్లలో వదిలేది నిజంగా పోతుంది. ఇంతకుముందు ఇంట్లో ఎవరూ నిజంగా పోనివ్వలేదు. తాతలూ ముత్తాతలూ అందరూ ఆ ఒక్క గుర్రం మీదే ఎక్కి కూర్చుని ఉన్నారు. అందుకే అది అంత లావెక్కింది. ఆ మాట నాన్నకు చెబితే ఎంత నవ్వేవాడో అనిపించి, గుడ్డను ఒళ్లోకి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

నీళ్లు మోకాళ్ల దాకా ఉన్న చోట ఖాదర్ వలి గుర్రాన్ని దించాడు. కళ్ల గంతలు తీసి బుజాన వేసుకున్నాడు. గుర్రం మూతి ముంచి నీళ్లు తాగింది. తాగి, తల ఎత్తి, పక్కనే నిలబడ్డ బాలకోటయ్య వైపు తిరిగింది.

అతను దాని కన్ను చూడటం అదే మొదటిసారి. నల్లగా, తడిగా, బొమ్మ మీద ఏ ఉలికీ అందనంత లోతుగా ఉంది. అందులో గట్టు ఉంది. గుడ్డ మూట పట్టుకున్న ఒక చిన్న మనిషి, ఎదురుగా తిరిగి ఉన్నాడు. బాలకోటయ్య పక్కకు తిరగలేదు.

"ఏంది అల్లుడా, కన్ను కూడా గీసుకుంటావా?" అన్నాడు ఖాదర్ వలి, గుర్రం వీపు రుద్దుతూ.

"లేదు మామా. చూత్తన్నా, ఊరికే."

ఇంకొంచెం లోపలికి నడిచాడు. గుడ్డ విప్పాడు. ఆముదపు మసి, ముక్కుపొడుం. నాన్న పొడిచిన చిల్లుల్లోంచి ఎండ దిగి నీళ్ల మీద చుక్కలు చుక్కలుగా ఆడింది. మెడ దగ్గర కుంకుమ బొట్టు పెట్టాడు. రెండు చేతులతో పట్టుకుని నీళ్ల మీద పరిచాడు. తోలు తేలింది. ప్రవాహం దాని కింద చేరి ముందుకాళ్లను ముందుకు, వెనక కాళ్లను వెనక్కి లాగింది. నేల మీద ఎన్నడూ నిలవని ఆ చాపు నీళ్ల మీద సరిగ్గా సరిపోయింది, దానికోసమే గీసినట్టు.

తోక కొస ఇంకా అతని వేళ్ల మధ్య ఉంది. బాలకోటయ్య వేళ్లు విప్పాడు.